తెర మీద రహస్యం

గోడలకు చెవులుంటాయన్నది పాత మాట. ఇప్పుడు కంప్యూటర్ తెరకు కళ్ళు కూడా వచ్చాయి. హైదరాబాదులో ఒకరి బల్ల మీద వెలిగే తెరను అదే క్షణంలో విశాఖపట్నంలో, సింగపూరులో, న్యూజెర్సీలో ఉన్నవాళ్ళు చూడగలుగుతున్నారు. పాఠం చెప్పే ఉపాధ్యాయుడు, ప్రాజెక్టు చూపించే విద్యార్థి, తప్పు ఎక్కడుందో వెతికే ఇంజనీరు అందరూ ఈ పని రోజూ చేస్తున్నారు. దీనినే స్క్రీన్ షేరింగ్ అంటాం.

మరి చూపించవలసిన దాని పక్కనే చూపించకూడనిది కూడా ఉంటే? ఉదాహరణకు క్లౌడ్ తాళంచెవినే తీసుకుందాం. ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్ కేంద్రాలలోని యంత్రాలను, నిల్వ స్థలాన్ని అద్దెకు వాడుకోవడమే క్లౌడ్. అద్దెదారు ఎవరో గుర్తుపట్టడానికి ఆ సంస్థ ఒక రహస్యమైన అక్షరాల వరుసను ఇస్తుంది. ఆ వరుస ఎవరి చేతిలో ఉంటే యంత్రం దృష్టిలో వారే అద్దెదారు. బిల్లు మాత్రం అసలు అద్దెదారుకే వస్తుంది. అందుకే ఒక్క క్షణం తెర మీద మెరిసిన వరుస ఒక విద్యార్థిని అప్పులపాలు చేయవచ్చు, ఒక సంస్థను మూయించవచ్చు.

ఈ సమస్య నిన్న మొన్న పుట్టింది కాదు. దీని వయస్సు అరవై ఏళ్ళకు పైనే. ఆ కథ తెలిస్తే ఈనాడు మనం ఏం చేయాలో కూడా తెలుస్తుంది.

ఒకే యంత్రం, ఎందరో యజమానులు

1950లలో కంప్యూటర్‌ను ఒకసారికి ఒకరే వాడేవారు. కార్డుల కట్ట ఇచ్చి, ఫలితం కోసం గంటలు, ఒక్కోసారి రోజులు ఎదురు చూసేవారు. 1961 నవంబరులో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, అంటే ఎమ్.ఐ.టి.లో, ఫెర్నాండో కోర్బాటో బృందం ఒక కొత్త పద్ధతిని ప్రదర్శించింది. యంత్రం తన కాలాన్ని చిన్న చిన్న ముక్కలుగా చేసి, పలువురికి వంతులవారీగా పంచుతుంది. ప్రతివారికీ యంత్రం మొత్తం తమదే అనిపిస్తుంది. ఈ కాల విభజన వ్యవస్థ పేరు సి.టి.ఎస్.ఎస్.

యంత్రం ఉమ్మడిది గాని ఫైళ్ళు ఉమ్మడివి కావు. వాడుకునే సమయానికి కూడా ప్రతివారికీ ఒక కోటా ఉండేది. ఎవరు ఎవరో తేల్చాలి. దానికి కోర్బాటో బృందం ఎంచుకున్న సులభమైన ఉపాయమే పాస్‌వర్డ్. ఎవరి పాస్‌వర్డ్ వారికే తెలియాలన్నది షరతు. ఇక్కడే మన కథ మొదలవుతుంది.

అచ్చయ్యే అక్షరాన్ని దాచడం ఎలా?

ఆనాటి టెర్మినల్‌కు గాజు తెర లేదు. అది టైపు మిషను వంటిది. మీట నొక్కితే కాగితం మీద అక్షరం పడేది. పాస్‌వర్డ్ కూడా అలాగే పడితే? వెనక నిలబడిన వారు చదవవచ్చు. చెత్తబుట్టలో పడేసిన కాగితాన్ని తీసి కూడా చదవవచ్చు. అందుకని సి.టి.ఎస్.ఎస్.లో పాస్‌వర్డ్ కొట్టే సమయానికి అచ్చు వేసే భాగాన్ని ఆపివేసేవారు. వేళ్ళు కదిలేవి, కాగితం మాత్రం తెల్లగానే ఉండేది.

ఇది అన్ని టెర్మినళ్ళలో సాధ్యం కాలేదు. కొన్నింటిలో మీటకూ అచ్చుకూ నేరుగా యంత్ర సంబంధం ఉండేది. కంప్యూటర్ వద్దన్నా అక్షరం పడేది. తర్వాత వచ్చిన మల్టిక్స్ వ్యవస్థ వీటి కోసం ఒక చమత్కారం చేసింది. కంప్యూటర్ ముందుగా అదే స్థలంలో రకరకాల అక్షరాలను ఒకదాని మీద ఒకటి కొట్టి, ఒక నల్లని పట్టీ తయారుచేసేది. మనిషి దాని మీదే పాస్‌వర్డ్ కొట్టేవాడు. నలుపులో నలుపు కలిసిపోయేది.

మరికొన్ని టెర్మినళ్ళలో మీట నొక్కితే అక్షరం ముందు కంప్యూటర్‌కు వెళ్ళి, అక్కడ నుంచి తిరిగి వచ్చాక అచ్చయ్యేది. దీనికి ఎకో, అంటే ప్రతిధ్వని, అని పేరు. ఇక్కడ పని సులువు. పాస్‌వర్డ్ అడిగినప్పుడు కంప్యూటర్ ప్రతిధ్వనిని ఆపేస్తే చాలు. యునిక్స్, లినక్స్ వాడిన విద్యార్థులు ఈ అనుభవాన్ని ఎరుగుదురు. పాస్‌వర్డ్ కొడుతున్నా తెర మీద ఒక్క చుక్క కూడా కనిపించదు. యంత్రం పాడయిందేమోనని కొత్తవారు కంగారుపడతారు. నిజానికి అది 1960ల నాటి జాగ్రత్తకు వారసత్వం.

ముందు తలుపు మూసి, పెరటి తలుపు తెరిచి

కొట్టేటప్పుడు దాచాం, సరే. మరి ఆ పాస్‌వర్డ్ కంప్యూటర్ లోపల ఎలా ఉంది? ఉన్నది ఉన్నట్టే, మామూలు అక్షరాలలో, ఒక ఫైలులో ఉండేది.

1962లో ఎమ్.ఐ.టి. పరిశోధక విద్యార్థి అలన్ షెర్‌కు వారానికి నాలుగు గంటల కోటా చాలలేదు. ఫైలు పేరు రాసిన కార్డు ఇస్తే ఆ ఫైలును అచ్చువేసి పెట్టే సౌకర్యం అక్కడ ఉండేది. అతడు పాస్‌వర్డుల ఫైలు పేరు రాసి కార్డు ఇచ్చాడు. మర్నాడు అందరి పాస్‌వర్డులూ కాగితం మీద అతని చేతిలో ఉన్నాయి. ఈ సంగతిని పాతికేళ్ళ దాకా అతడు బయటపెట్టలేదు.

1960ల మధ్యలో ఇంతకన్నా విచిత్రం జరిగింది. వ్యవస్థను చూసుకునే ఇద్దరు ఉద్యోగులు ఒకే సమయంలో రెండు ఫైళ్ళను సరిదిద్దుతున్నారు. ఒకరి దగ్గర ఉన్నది పాస్‌వర్డుల ఫైలు. మరొకరి దగ్గర ఉన్నది, లోపలికి వచ్చిన ప్రతివారికీ కనిపించే ఆ రోజు సందేశం. సరిదిద్దే ప్రోగ్రాము వాడే తాత్కాలిక ఫైలుకు ఒకే పేరు ఉండటంతో రెండూ తారుమారయ్యాయి. ఆ తర్వాత టెర్మినల్ ముందు కూర్చున్న ప్రతివారికీ స్వాగత సందేశానికి బదులు అందరి పాస్‌వర్డులూ వరుసగా అచ్చయ్యాయి! గమనించిన ఒక వినియోగదారుడు కావాలనే యంత్రాన్ని ఆగిపోయేలా చేయడంతో ప్రవాహం ఆగింది. కోర్బాటో 1990 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం అందుకున్నప్పుడు చేసిన ప్రసంగంలో ఈ ఉదంతాన్ని చెప్పారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. రహస్యాన్ని ఎవరూ దొంగిలించలేదు. ఎవరూ ఊహించి కనిపెట్టలేదు. అది దానంతట అదే కళ్ళ ముందుకు వచ్చింది. ఈనాటి స్క్రీన్ షేరింగ్ ప్రమాదాలకు ఇదే మొదటి నమూనా.

దీనికి శాస్త్రవేత్తలు కనుగొన్న విరుగుడు ఏకదిశా ప్రమేయం. బియ్యాన్ని పిండి ఆడించగలం గాని పిండిని మళ్ళీ గింజలు చేయలేం కదా! అలాగే పాస్‌వర్డును ఒక గణిత ప్రక్రియతో నలగ్గొట్టి, ఆ పిండిని మాత్రమే భద్రపరుస్తారు. మనిషి పాస్‌వర్డ్ ఇచ్చినప్పుడు దానినీ నలగ్గొట్టి, రెండు పిండులూ ఒకటేనా అని చూస్తారు. 1960లలోనే కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో రోజర్ నీడమ్, ఆయన సహచరులు ఈ ఆలోచన చేశారు. బెల్ లేబరేటరీస్‌కు చెందిన రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో ప్రచురించిన వ్యాసంలో దీనిని మరింత పటిష్ఠం చేసిన తీరును వివరించారు. నలిపే ముందు ప్రతి పాస్‌వర్డుకూ కొంత యాదృచ్ఛిక సంఖ్యను కలపడం అందులో ఒకటి. దానికి వారు పెట్టిన పేరు ఉప్పు! అదే వ్యాసంలో వారు పరిశీలించిన 3,289 పాస్‌వర్డులలో 2,831 సులభంగా కనిపెట్టదగినవేనని కూడా తేల్చారు.

తెర ఊరు దాటింది

ఇదిలా ఉండగా మరోవైపు తెర ప్రయాణం కట్టింది. 1968 డిసెంబరు 9న డగ్లస్ ఎంగెల్‌బార్ట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో సుమారు వెయ్యి మంది ఎదుట 90 నిమిషాల ప్రదర్శన ఇచ్చారు. మౌస్‌ను లోకం చూసింది ఆనాడే. అదే ప్రదర్శనలో సుమారు 48 కిలోమీటర్ల దూరంలోని మెన్లో పార్కులో ఉన్న సహచరుడితో కలిసి ఆయన ఒకే తెర మీద పనిచేశారు. ఒకరు చూసేదే మరొకరూ చూశారు. స్క్రీన్ షేరింగ్‌కు అది నాంది.

గాజు తెరలు, బొమ్మల కిటికీలు వచ్చాక పాస్‌వర్డ్ స్థానంలో నక్షత్రాలో నల్లని చుక్కలో కనిపించసాగాయి. ఎన్ని అక్షరాలు కొట్టామో తెలుస్తుంది గాని ఏవి కొట్టామో తెలియదు. 1995లో వెలువడిన హెచ్.టి.ఎమ్.ఎల్. 2.0 ప్రమాణంలో పాస్‌వర్డ్ కోసం ప్రత్యేకమైన గడి ఉంది. అప్పటి నుంచి వెబ్ పేజీలన్నింటిలో చుక్కలు మామూలైపోయాయి.

చుక్కలు అవసరమా అన్న వాదన కూడా వచ్చింది. ఒంటరిగా కూర్చున్నవాడికి చుక్కలు మేలు కన్నా కీడే చేస్తాయని, తప్పులు పెరుగుతాయని జాకబ్ నీల్సన్ 2009లో రాశారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. కోరుకుంటే పాస్‌వర్డ్‌ను చూపించే సదుపాయం ఇవ్వాలని 2017లో అమెరికా ప్రమాణాల సంస్థ సూచించింది. పాస్‌వర్డ్ గడి పక్కన కనిపించే కన్ను బొమ్మ ఆ పని కోసమే. ఒంటరిగా ఉన్నప్పుడు అది మంచి సదుపాయమే. తెర పంచుకుంటున్నప్పుడు నొక్కితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

2020లో కోవిడ్ వచ్చింది. బడి, కార్యాలయం, న్యాయస్థానం అన్నీ తెర మీదికి ఎక్కాయి. జూమ్ సంస్థ లెక్కల ప్రకారం రోజువారీ సమావేశాలలో పాల్గొనేవారి సంఖ్య 2019 డిసెంబరులో ఒక కోటి ఉండగా 2020 ఏప్రిల్‌లో 30 కోట్లకు చేరింది. ఒకే వ్యక్తి ఒకే రోజున రెండు మూడు సమావేశాలకు వెళితే అన్నిసార్లూ లెక్కలోకి వస్తాడన్నది నిజమే. అయినా పెరుగుదల ఎంతటిదో దీనిని బట్టి తెలుస్తుంది.

తాళంచెవి రూపం మారింది

అరవై ఏళ్ళుగా మనం కట్టుకున్న రక్షణ అంతా ఒక ఊహ మీద ఆధారపడింది. రహస్యం మనిషి మనసులో ఉంటుంది, మనిషి దాన్ని వేళ్ళతో కొడతాడు, కొట్టే క్షణంలో దాచితే చాలు. క్లౌడ్ ఈ ఊహను తలకిందులు చేసింది.

2006లో అమెజాన్ తన నిల్వ సర్వీసును, కంప్యూటర్లను అద్దెకిచ్చే సర్వీసును మొదలుపెట్టింది. ఇక్కడ కంప్యూటర్‌తో మాట్లాడేది మనిషి కాదు, మరొక ప్రోగ్రాము. దానికి ఇచ్చే రహస్య తాళంచెవిలో 40 గుర్తులుంటాయి. ఒక్కొక్క స్థానంలో 64 గుర్తులలో ఏదైనా ఉండవచ్చు. అంటే సాధ్యమయ్యే తాళంచెవుల సంఖ్య 73 అంకెల పొడవు ఉంటుంది. లోకంలోని కంప్యూటర్లన్నీ కలిసి ఊహించబోయినా అయ్యే పని కాదు.

అయితే ఇంత పొడవైన వరుసను మనిషి గుర్తుపెట్టుకోలేడు. కనుక అది ఫైలులో ఉంటుంది. ఎలా ఉంటుంది? 1962 నాటి పాస్‌వర్డుల ఫైలు లాగా, మామూలు అక్షరాలలో ఉంటుంది. పాస్‌వర్డును సరిచూసే కంప్యూటర్ పిండితో సరిపెట్టుకోగలదు. తాళంచెవిని వాడే ప్రోగ్రాముకు అసలు గింజలే కావాలి. ఆ ఫైలును తెరిస్తే చుక్కలు ఉండవు. ఊహించడానికి యుగాలు పట్టే రహస్యాన్ని చూడటానికి ఒక క్షణం చాలు.

దీని పర్యవసానం ఎలా ఉంటుంది? 2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే సంస్థ క్లౌడ్ ఖాతాలోకి ఒక ఆగంతకుడు ప్రవేశించాడు. సుమారు 12 గంటలలో సమాచారం, దాని నకళ్ళు చాలావరకు చెరిగిపోయాయి. ఆ సంస్థ మూతపడింది. 2016లో ఊబర్ ఇంజనీర్లు ప్రోగ్రాములు దాచుకునే చోట ఆగంతకులకు క్లౌడ్ తాళంచెవి దొరికింది. 5 కోట్ల 70 లక్షల మంది సమాచారం వారి చేతికి పోయింది. 2017 నవంబరు దాకా సంస్థ ఈ సంగతిని దాచింది. ఈ రెండింటిలోనూ రహస్యం తెర పంచుకోవడం వల్ల పోలేదు. కాని తాళంచెవి ఏ దారిన పోయినా నష్టం ఒకటే.

కెమెరా మరచిపోదు

భుజం మీదుగా తొంగిచూసే మనిషికి 40 గుర్తులు గుర్తుండవు. కెమెరాకు ఆ బలహీనత లేదు. సెకనుకు 30 చిత్రాల చొప్పున గంటసేపు రికార్డు చేస్తే 1,08,000 చిత్రాలవుతాయి. వాటిలో ఒక్కదానిలో తాళంచెవి స్పష్టంగా ఉన్నా చాలు. చూసేవాడు వీడియోను ఆపి తీరికగా రాసుకోవచ్చు.

2012 నవంబరులో బ్రిటన్ వైమానిక దళంలో పనిచేస్తున్న ప్రిన్స్ విలియమ్ ఫోటోలు ప్రచురించారు. వెనక గోడ మీది కాగితంలో పాస్‌వర్డ్ వివరాలు కనిపించడంతో వాటిని మార్చవలసి వచ్చింది. 2015 ఏప్రిల్‌లో ఫ్రాన్సు టి.వి.5 మోండ్ ఛానల్ మీద సైబర్ దాడి జరిగింది. ఆ దాడి గురించే మరో ఛానల్‌లో మాట్లాడుతున్న విలేఖరి వెనక, కాగితపు చీటీల మీద పాస్‌వర్డులు కనిపించాయి! 2018 జనవరి 13న హవాయి దీవులలో క్షిపణి వస్తోందంటూ పొరపాటున హెచ్చరిక వెలువడింది. అప్పుడు అందరూ ఆ కార్యాలయం పాత ఫోటోలను పరిశీలిస్తే, 2017లో తీసిన ఒకదానిలో కంప్యూటర్‌కు అంటించిన పాస్‌వర్డ్ చీటీ బయటపడింది. ఆ పొరపాటుకు చీటీ కారణం కాదు. కాని ఆరు నెలలు అది లోకం కళ్ళ ముందే ఉంది, చూసేవారు లేరు అంతే.

మసక చేస్తే చాలదా?

చాలామంది వీడియోలో ఆ భాగాన్ని గళ్ళు గళ్ళుగా మసక చేసి ఊరుకుంటారు. ఇది నమ్మదగిన పని కాదు. మసకలో ప్రతి గడి రంగూ దాని కింద ఉన్న అక్షరాల రంగుల సగటు. సగటులో అసలు సమాచారం కొంత మిగిలే ఉంటుంది. అక్షరాల ఆకృతి, పరిమాణం తెలిస్తే ఒక్కొక్క అక్షరాన్నీ అలాగే మసకచేసి, ఏది సరిపోతుందో పోల్చి చూడవచ్చు. ఈ పని చేసే ప్రోగ్రాములు 2020 నాటికే బహిరంగంగా దొరుకుతున్నాయి. నిండు నలుపు పట్టీ వేయడం దీనికన్నా మేలు.

కత్తిరించడం కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. గూగుల్ పిక్సెల్ ఫోన్లలోను, విండోస్ 11లోని ఒక పరికరంలోను కత్తిరించిన చిత్రం ఫైలులో పాత చిత్రపు భాగం మిగిలిపోతున్నదని 2023 మార్చిలో బయటపడింది. కంటికి కనిపించనిది ఫైలులో లేదని అనుకోరాదు.

కొందరు ఇంజనీర్లు తెర పంచుకునేటప్పుడు రహస్య గడులను తమంతట తామే మసకచేసే చిన్న ప్రోగ్రాములను బ్రౌజర్‌కు జోడిస్తారు. ఇవి ఉపయోగకరమే. కాని పేజీ తెరుచుకోవడానికీ, మసక పడటానికీ మధ్య రెప్పపాటు సందు ఉండవచ్చు. ఆ సందు కెమెరాకు చాలు.

మన దేశంలో

క్లౌడ్‌తో పని లేనివారికి ఇదంతా ఎందుకు అనిపించవచ్చు. 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఒక హెచ్చరిక జారీ చేసింది. మోసగాళ్ళు ఫోన్ చేసి, ఎనీడెస్క్ అనే తెర పంచుకునే యాప్‌ను వేసుకోమంటారు. అందులో వచ్చే 9 అంకెల సంకేతాన్ని చెప్పమంటారు. చెబితే ఫోన్ వారి అదుపులోకి పోతుంది, ఖాతాలో డబ్బు మాయమవుతుంది. ఆ యాప్ నిజానికి దూరం నుంచి కంప్యూటర్‌ను బాగుచేయడానికి తయారైన మంచి పనిముట్టే. దోషం దానిని వాడే చేతిలో ఉంది. ఓ.టి.పి. ఎవరికీ చెప్పలేదని మన పెద్దవాళ్ళు నమ్మకంగా అంటారు. చెప్పనక్కరలేదు, తెరను చూపిస్తే చాలు. అనేక బ్యాంకు యాప్‌లు తెరను రికార్డు చేయబోతే నల్లగా కనిపించేలా తయారు కావడానికి కారణం ఇదే.

చరిత్ర చెప్పే పాఠం

నల్లని పట్టీ, ఆగిన ప్రతిధ్వని, చుక్కలు, మసక ఇవన్నీ చూసేవాడి కన్నును మూసే ప్రయత్నాలు. పిండి పట్టిన పాస్‌వర్డ్ వేరే మార్గం. చూసినా ఉపయోగం లేకుండా చేయడమే ఆ మార్గం. చరిత్రలో గట్టిగా నిలిచింది ఈ రెండవదే. క్లౌడ్ తాళంచెవుల విషయంలోనూ అదే దారి. కొద్ది గంటలలో దానంతట అదే చెల్లకుండా పోయే తాత్కాలిక తాళంచెవులను అమెజాన్ 2011 నుంచి ఇస్తున్నది. వీడియో ఎవరి చేతికైనా చేరేసరికి అవి చచ్చిన కాగితాలతో సమానం.

కనుక తెర పంచుకునే ముందు తెర మొత్తాన్ని కాకుండా కావలసిన ఒక్క కిటికీనే చూపించండి. ప్రదర్శన కోసం వేరే ఖాతా పెట్టుకోండి. దానికి కొద్దిపాటి అధికారాలే ఇవ్వండి. తాళంచెవిని ప్రోగ్రాములో రాయకండి. పొరపాటున కనిపిస్తే సిగ్గుపడి దాచుకోవద్దు. వీడియోను తీసేసి ఊరుకోవద్దు, ఎవరు ఎప్పుడు నకలు తీశారో మనకు తెలియదు. వెంటనే పాత తాళంచెవిని రద్దు చేసి కొత్తది తీసుకోండి. ఇంటి తాళంచెవి సంతలో పడిపోతే మనం సంతనంతా వెతుకుతూ కూర్చోం, తాళమే మార్చేస్తాం. తెర మీద పడిపోయిన దానికీ అదే వర్తిస్తుంది.